ఎవరైనా ఏడిస్తే తనూ ఏడ్చే అమ్మాయి హెచ్ఆర్‌కు పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీకాం పూర్తి చేసింది. ఎంబీఏలో హెచ్ఆర్ (ఉద్యోగుల వ్యవహారాలు చూసే విభాగం) తీసుకుంటానంటోంది. అందరితో ఇట్టే కలిసిపోతుంది కానీ మరీ సున్నితం. ఎదుటివాళ్లు బాధపడితే తనకూ కళ్లనీళ్లొచ్చేస్తాయి. 'మీ అమ్మాయికి ఎమోషనల్ ఇంటెలిజెన్స్ ఎక్కువ, హెచ్ఆర్‌కు సరిగ్గా సరిపోతుంది' అంటూ ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఆ పేరుతోనే ఉన్న సర్టిఫికెట్ కోర్సుకు 18 వేలు కట్టమంటున్నారు. కట్టమంటారా?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: కట్టకండమ్మా. హెచ్ఆర్ మాత్రం చదవనివ్వండి.

ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటే మెత్తని మనసు అని చాలామంది అనుకుంటారు. అమెరికా సైకాలజిస్టులు పీటర్ సాలొవే, జాన్ మేయర్ 1990లో దీని మీద వ్యాసం రాసినప్పుడు చెప్పింది అది కాదు. తన భావాలనూ ఎదుటివాళ్ల భావాలనూ పసిగట్టడం, వాటిని అదుపులో పెట్టుకోవడం, ఆలోచనకు వాడుకోవడం – ఇదంతా కలిసి ఒక సామర్థ్యం అన్నారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం వచ్చాకే ఈ మాట ఆఫీసుల్లో మారుమోగింది. మీరు చెప్పినదాన్ని బట్టి పసిగట్టడం మీ అమ్మాయికి పుట్టుకతోనే వచ్చింది. నేర్చుకోవాల్సింది అదుపు. హెచ్ఆర్‌లో జీతం ఇచ్చేది ఎక్కువగా దానికే.

నా సంగతే చెబుతాను. హెచ్ఆర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకాయన వచ్చి, అమ్మకు బాగాలేదు, సొంతూరి బ్రాంచికి బదిలీ కావాలని అడిగాడు. ఆయన మొహం చూడలేక 'నేను చూసుకుంటాను లెండి' అనేశాను. బదిలీ నా చేతిలో లేదు. ఆ బ్రాంచిలో ఖాళీ ఉందో లేదో కూడా అప్పటికి కనుక్కోలేదు. నా మాట నమ్మి ఆయన అద్దె ఇల్లు ఖాళీ చేస్తానని ఓనరుకు చెప్పేశాడు. నెల తర్వాత కుదరదన్నారు. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. మొదటిరోజే 'కనుక్కుని శుక్రవారం చెబుతాను' అని ఉంటే సరిపోయేది. అప్పుడు నాకున్నది జాలి ఒక్కటే.

ఇంకో సందర్భం చూడండి. ఒక అమ్మాయి హెచ్ఆర్ గదిలోకి వచ్చి, 'మీకొక్కరికే చెబుతున్నా, ఎవరికీ చెప్పకండి' అంటూ పై అధికారి లైంగిక వేధింపుల గురించి చెబుతుంది. కలిసి ఏడవడం తేలిక. కానీ పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. సాధారణంగా ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఆ కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగించాలి. 'ఎవరికీ చెప్పను' అని ఒట్టేసి కూర్చుంటే ఆ మూడు నెలలూ కరిగిపోతాయి. ఆమె మాట మధ్యలో ఆపకుండా వినాలి, ఈ దారులున్నాయని చెప్పాలి, ఫిర్యాదు రాయలేని స్థితిలో ఉంటే సాయం చేయాలి. వివరాలు బయటికి పొక్కనివ్వకూడదని చట్టమే చెబుతుంది కాబట్టి ఆ ధైర్యమూ ఇవ్వొచ్చు. చట్టం తెలియని సానుభూతి ఇక్కడ ఆమెకే నష్టం.

జీతంలో కోత పడిందని కోపంతో వచ్చిన మనిషీ అంతే. ఆయనకు ఓదార్పు అక్కర్లేదు, లెక్క కావాలి. పీఎఫ్ 12 శాతం దేని మీద కోశారో, ఈఎస్ఐ ఎందుకు మొదలైందో స్లిప్పు చూపించి చెప్పగలిగితే కోపం సగం అక్కడే దిగిపోతుంది. మీ అమ్మాయి బీకాం చదివింది కదా, ఈ విషయంలో చాలామంది హెచ్ఆర్ పిల్లల కంటే ముందుంటుంది.

ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అన్ని ఉద్యోగాల్లోనూ ఒకేలా ఉపయోగపడదు కూడా. 2010లో జోసెఫ్, న్యూమన్ అనే పరిశోధకులు అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మనసును అదుపులో పెట్టుకుంటూ మనుషులతో మెలగాల్సిన ఉద్యోగాల్లోనే దీనికి పనితీరుతో ఎక్కువ సంబంధం కనబడింది. హెచ్ఆర్‌లోనూ అంతే. ఉద్యోగుల సమస్యలు చూసే పనికి ఇది ప్రాణం. జీతాల లెక్కలు, హెచ్ఆర్ డేటా చూసే సీట్లో అంతగా అక్కర్లేదు. అక్కడా మంచి ఉద్యోగాలున్నాయి.

ఇక చదువు. మన రాష్ట్రాల్లో ఎంబీఏకు ఐసెట్ ఉంది. హెచ్ఆర్‌కు పేరున్న జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ కావాలంటే ఎక్స్ఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, పోటీ గట్టిగా ఉంటుంది. ఎక్కడ చేరినా కార్మిక చట్టాల పేపరును బట్టీ పట్టి వదిలేయొద్దని చెప్పండి.

చేరేలోపు మీ దగ్గర్లోని ఏ స్పిన్నింగ్ మిల్లులోనో, ఆసుపత్రిలోనో హెచ్ఆర్ విభాగంలో రెండు నెలలు పని నేర్చుకోనివ్వండి. జీతం ఇవ్వకపోయినా ఫర్వాలేదు. ఇంటికొచ్చాక 'ఇవాళ ఎవరికైనా కాదని చెప్పావా? ఎలా చెప్పావు?' అని అడగండి. మొదట్లో ఏడుపు మొహంతో వస్తే టెన్షన్ పడకండి. రెండో నెలలోనూ రాత్రుళ్లు నిద్రపోకుండా అదే తలుచుకుంటుంటే మాత్రం పేరోల్, అంటే జీతాల లెక్కల పని వైపు చూడమనండి. ఆ 18 వేలు తన బస్సు చార్జీలకూ పరీక్షల ఫీజులకూ పనికొస్తాయి.