లీజులో 80 ఏళ్ల 7 నెలలు మిగిలాయి: పొడిగింపు ఇప్పుడా, కొత్త చట్టం వచ్చాకా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాము. 14 నెలల క్రితం రెండు పడకగదుల లీజుహోల్డ్ ఫ్లాట్ కొన్నాము. లీజు ఇంకా 80 ఏళ్ల 7 నెలలు ఉంది. గ్రౌండ్ రెంట్, అంటే స్థలం యజమానికి కట్టే అద్దె, ఏడాదికి 250 పౌండ్లు. 7,500 పౌండ్లు చెల్లిస్తే లీజును 125 ఏళ్లకు పెంచుతాననీ, గ్రౌండ్ రెంట్ మాత్రం ఇప్పటిలాగే కొనసాగుతుందనీ ఫ్రీహోల్డర్ (భవనం, స్థలం అసలు యజమాని) ఉత్తరం పంపారు. కొత్త చట్టం వస్తే ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఆగమని స్నేహితులు అంటున్నారు. కొని రెండేళ్లు నిండితే తప్ప అడిగే హక్కు లేదని మరొకరు చెప్పారు. మా పొదుపు 26,000 పౌండ్లు. దానితో షాద్‌నగర్ దగ్గర ప్లాటు కొందామని మావారి ఆలోచన. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా రెండేళ్ల సంగతి. ఆ నిబంధన ఒకప్పుడు ఉండేది. 2024లో వచ్చిన లీజుహోల్డ్ సంస్కరణ చట్టం కింద 2025 జనవరి 31 నుంచి దాన్ని తొలగించారు. కాబట్టి పొడిగింపు కోరే హక్కు మీకు ఈరోజే ఉంది.

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నవారికి భూమిలో అవిభాజ్య వాటా కూడా రిజిస్టర్ అవుతుంది కనుక, కాలం గడిచేకొద్దీ హక్కు కరిగిపోవడం అనే విషయం మనవాళ్లకు చప్పున తట్టదు. ఇంగ్లండ్ లీజుహోల్డ్‌లో మీరు కొన్నది మిగిలిన సంవత్సరాలను మాత్రమే. ఆ సంవత్సరాలు 80కి మించి ఉన్నంతకాలం, పొడిగింపు కోసం మీరు చెల్లించేది రెండు అంశాల మీదనే ఆధారపడుతుంది: ఫ్రీహోల్డర్ కోల్పోయే గ్రౌండ్ రెంట్, లీజు ముగిశాక ఫ్లాట్ తన చేతికి రావడం మరో 90 ఏళ్లు వాయిదా పడినందుకు పరిహారం. 80 దాటి కిందికి దిగితే మూడోది వచ్చి చేరుతుంది. పొడిగింపు వల్ల ఫ్లాట్ విలువలో వచ్చే పెరుగుదలను మ్యారేజ్ వాల్యూ అంటారు, అందులో సగం ఫ్రీహోల్డర్‌కు చెందుతుంది.

అంకెల్లో చూద్దాం. దీర్ఘకాలిక లీజుతో మీ ఫ్లాట్ 3 లక్షల పౌండ్లు పలుకుతుందనీ, గ్రౌండ్ రెంట్‌ను 6 శాతం రేటుతో లెక్కగడతారనీ అనుకుందాం. వాయిదా పడే హక్కుకు సాధారణంగా వాడే రేటు 5 శాతం. ఈ లెక్కన ఇప్పుడు మీరు కట్టవలసింది దాదాపు 10,000 పౌండ్లు. మరో 13 నెలలు ఆగితే లీజు 79 ఏళ్ల 6 నెలలకు చేరుతుంది. అప్పటికి, పొడిగించని స్థితిలో ఫ్లాట్ విలువ 2,75,000 పౌండ్లని సర్వేయర్లు తేల్చితే, మ్యారేజ్ వాల్యూలో సగంతో కలిపి మొత్తం సుమారు 17,600 పౌండ్లవుతుంది. ఇవి నేను వేసిన ఉజ్జాయింపు లెక్కలే, మీ సర్వేయర్ లెక్క కొంత అటూ ఇటూ ఉండవచ్చు. కానీ ఆ తేడా ఎటువైపు మొగ్గుతుందన్న దానిలో మార్పుండదు.

ఇక ఆగమన్న స్నేహితుల సలహా. 2024 చట్టంలో మ్యారేజ్ వాల్యూ రద్దు, 990 ఏళ్ల పొడిగింపు ఉన్న మాట నిజమే. అయితే ఈ జవాబు రాసే నాటికి ఆ రెండు భాగాలూ అమలులోకి రాలేదు. అంతకన్నా ముఖ్యమైన విషయం, మ్యారేజ్ వాల్యూ రద్దు వల్ల లాభపడేది ఇప్పటికే 80 ఏళ్ల కంటే తక్కువ లీజు మిగిలినవారు. మీరు ఇంకా ఆ గీతకు పైనే ఉన్నారు కాబట్టి ఆ పద్దు కింద మీరు కట్టవలసింది ఇప్పుడు కూడా సున్నాయే. ఆగితే మీకు దక్కగలిగేది ఫ్రీహోల్డర్ తరఫు ఖర్చుల భారం కొంత తగ్గడం, 90కి బదులు 990 ఏళ్లు రావడం. 170 ఏళ్ల లీజు చేతిలో ఉన్న కుటుంబానికి మిగతా 900 ఏళ్లు ఎందుకో నాకైతే అర్థం కాదు. లీజు 72 ఏళ్లే ఉన్నవారు ఇదే ప్రశ్న అడిగి ఉంటే నేను ఇంత తేలికగా చెప్పేవాణ్ణి కాదు, వారికి ఆగడంలో అర్థం ఉండవచ్చు.

ఫ్రీహోల్డర్ ఉత్తరంలోని 7,500 చూడటానికి చౌకగా కనిపిస్తుంది. 2022 జూన్ 30 తర్వాత చేసుకునే ఇలాంటి ప్రైవేటు ఒప్పందాల్లో, పొడిగించిన కాలానికి గ్రౌండ్ రెంట్ వసూలు చేయకూడదు గానీ పాత లీజులో మిగిలిన కాలానికి వసూలు చేసుకోవచ్చు. అంటే ఏడాదికి 250 చొప్పున 80 ఏళ్లు, మొత్తం 20,000 పౌండ్లు, నేటి విలువలో 4,100 పైచిలుకు. కలిపితే 44 ఏళ్ల పెంపుకు సుమారు 11,600 పెడుతున్నట్లు. చట్టప్రకారం వెళ్తే 10,000కే 90 ఏళ్లు అదనంగా వస్తాయి, గ్రౌండ్ రెంట్ మొత్తంగా పోతుంది. పైగా ప్రైవేటు బేరం నుంచి ఆయన ఎప్పుడైనా తప్పుకోవచ్చు, ఈలోగా మీ 7 నెలలు కరిగిపోవచ్చు.

అందువల్ల పొడిగింపు హక్కు ఇచ్చే 1993 చట్టం కింద, పొడిగింపు కోరుతూ సెక్షన్ 42 నోటీసు ఇప్పించండి. నోటీసు అందజేసిన రోజునే వెల లెక్కకు ప్రమాణంగా తీసుకుంటారు, ఆ తర్వాత బేరసారాలు ఏడాది సాగినా మీరు 80 పైన ఉన్నట్లే. ముందుగా లీజు పత్రం తెరిచి, కాలపరిమితి ఏ తేదీ నుంచి మొదలైందో మీ కళ్లతో చూసుకోండి. రిజిస్ట్రేషన్ తేదీ, మీరు కొన్న తేదీ ఈ లెక్కకు పనికిరావు. సర్వేయర్, సొలిసిటర్ ఇద్దరూ లీజు పొడిగింపుల్లో అనుభవమున్నవారై ఉండాలి, ఎందుకంటే నోటీసులో మరీ అవాస్తవమైన మొత్తం రాస్తే అది చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. ప్రభుత్వ నిధులతో నడిచే లీజుహోల్డ్ అడ్వైజరీ సర్వీస్ ప్రాథమిక సలహా ఉచితంగా ఇస్తుంది.

డబ్బు విషయానికొస్తే, ప్రీమియం (పొడిగింపు వెల) 10,000 కాక, మీ నిపుణుల రుసుములకూ చట్టప్రకారం మీరే భరించవలసిన ఫ్రీహోల్డర్ తరఫు న్యాయ, మూల్యాంకన ఖర్చులకూ 5,000 పక్కన పెట్టండి. నోటీసు ఇచ్చాక ఫ్రీహోల్డర్ డిపాజిట్ అడగవచ్చు. అది మీరు ప్రతిపాదించిన మొత్తంలో 10 శాతం లేదా 250 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది. మిగిలే 11,000 మీ అత్యవసర నిధి, దాన్ని షాద్‌నగర్‌కు పంపవద్దు. ప్లాటు వచ్చే ఏడాది కూడా దొరుకుతుంది, కొంచెం ధర పెరిగినా మరో చోట చూసుకోవచ్చు. లీజు గడువుకు అలాంటి వెసులుబాటు లేదు.

నోటీసుకు జవాబివ్వడానికి ఫ్రీహోల్డర్‌కు కనీసం రెండు నెలల గడువు ఇవ్వాలి. ఆయన జవాబు, అంటే కౌంటర్ నోటీసు, వచ్చాక వెల కుదరకపోతే, రెండు నెలలు గడిచాక, ఆరు నెలల లోపు ట్రైబ్యునల్‌కు దరఖాస్తు చేయాలి. ఈ ఆరు నెలల తేదీని సొలిసిటర్‌కు వదిలేయకుండా మీరు కూడా గుర్తుపెట్టుకోండి. అది దాటితే నోటీసు ఉపసంహరించుకున్నట్లే లెక్క, మళ్లీ ఇవ్వడానికి 12 నెలలు ఆగాలి, అప్పటికి మీ లీజు 80 కిందికి దిగిపోయి ఉంటుంది.