సముద్రం గట్టు స్థలం బాడుగకు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది మైపాడు దగ్గర పాళెం. సరుగుడు తోట పక్కన ఎకరంన్నర స్థలం ఊరంతా కలిసి వాడుకుంటున్నాం. నెల్లూరు నుంచి ఒకాయన వచ్చి అక్కడ కాటేజీలు కడతానని, ఏడాదికి ఇంత అని బాడుగ ఇస్తానని, మా పిల్లకాయలకు పని చూపిస్తానని అంటున్నాడు. పొదుపు సంఘంలో సగం మంది సరే అంటున్నారు. ఆఫ్రికాలో పల్లెటూళ్లే ఇలాంటి విడుదులతో సంపాదించుకుంటున్నాయని మీరు ఒకసారి రాశారు. అది మాకూ కుదిరేదేనా అక్కా?
- ఒక సోదరి, ఇందుకూరుపేట మండలం

జవాబు: కుదురుతుంది చెల్లెమ్మా. కానీ ఆయన చెప్పిన పద్ధతిలో వద్దు.

నమీబియాలో నాలుగేళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. అక్కడ వాయవ్యాన కునేనే ప్రాంతంలో టోరా అనే చోటుంది. మన కనిగిరి వైపు కంటే ఎండు నేల. రాళ్లు, మేకలు, అక్కడక్కడా నీళ్లు తోడే గాలిమరలు. దాహమేస్తే ఏనుగులు ఇళ్ల దాకా వచ్చి పైపులు పీకేస్తాయి. ఒక ఇంటి దగ్గర నీళ్ల ట్యాంకు చుట్టూ నా భుజాల ఎత్తున రాళ్ల గోడ కట్టుకున్నారు, బయట ఏనుగులకని వేరే తొట్టి పెట్టారు. వాటిని చూడటానికి వచ్చేవాళ్ల వల్ల ఊరికి నాలుగు డబ్బులు వస్తున్నాయి కాబట్టే ఆ ఓపిక.

ఆ డబ్బు ఊరికే రాలేదు. అడవి జంతువుల మీద, టూరిజం మీద హక్కు అంతకుముందు సొంత భూములున్న తెల్లవాళ్లకే ఉండేది. 1996లో వచ్చిన చట్టంతో ఉమ్మడి భూముల్లో బతికే జనానికీ దక్కింది. ఎల్లలు, సభ్యుల జాబితా, ఆదాయం ఎలా పంచుకోవాలన్న నియమాలు రాసిపెట్టుకుంటేనే ఊరివాళ్లను ఒక సంఘంగా రిజిస్టరు చేస్తారు. టోరా వాళ్లు 1998లో చేయించుకున్నారు.

అక్కడ డమరాలాండ్ క్యాంపు అనే విడిది ఉంది. కట్టింది, నడిపింది కంపెనీ. ఒప్పందంలో ఒక్క ముక్క నువ్వు గట్టిగా గుర్తుపెట్టుకో: గదుల మీద వచ్చే రాబడిలో నూటికి పది సంఘానికి. లాభంలో కాదు, రాబడిలో. లాభంలో వాటా అంటే జనరేటరనీ, రిపేర్లనీ, జీతాలనీ రాసి చివరికి సున్నా చూపించొచ్చు. రాబడి అయితే ఎన్ని రాత్రులు ఎన్ని గదులు నిండాయో రిజిస్టరే చెప్తుంది. పనులు కూడా ముందు ఊరివాళ్లకే. వడ్డించే పనిలో చేరిన అక్కడి అమ్మాయి మేనేజరు అయింది. మీ పిల్లకాయలకు ఊడ్చే పనేనా, నేర్పించి పైకి తెస్తారా? అది కూడా కాగితం మీద ఉండాలి.

నేను చూసిన ఇంకో సంఘం మీటింగు మర్చిపోలేను. చెట్టు కింద కుర్రాడొకడు లెక్కలు చదువుతుంటే వెనక నుంచి ఒక పెద్దావిడ లేచి జీపు డీజిలుకి అంత ఖర్చు ఎందుకైందని రెండుసార్లు అడిగింది. అతను నోటుబుక్కు తెచ్చి ఏ రోజు ఎక్కడికెళ్లారో చదివి వినిపించేదాకా కూర్చోలేదు. పొదుపు పుస్తకం రాయడం అలవాటైన మీకు ఇది పెద్ద పనేం కాదు.

ఒక్క భయం మాత్రం ఉంది. 2020లో కరోనాకి విమానాలు ఆగాక ఆ క్యాంపులు ఖాళీ అయ్యాయి. వాటినే నమ్ముకున్నవాళ్లు నానా అవస్థ పడ్డారు. మేకలున్నవాళ్లు కాస్త తట్టుకున్నారు. అందుకే వలలు, పడవలు అమ్ముకోవద్దు. మీకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అవి సెలవుల రోజులు, సముద్రానికి జనం వచ్చే రోజులు కూడా. ఆ రెండు నెలలకు, కార్తీక మాసం వనభోజనాలకు నాలుగు పాకలు, మీ చేతి చేపల పులుసు చాలు, మొదలుపెట్టడానికి. మందు తాగనివ్వం అని మొదటి రోజే బోర్డు పెట్టండి. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ జిల్లా మనది, ఈ మాట చెప్పడానికి మొహమాటం ఎందుకు?

ముందు ఆ స్థలం ఎవరి పేరున ఉందో వీఆర్వో దగ్గర చూపించుకో. పోరంబోకు అయితే దాన్ని బాడుగకిచ్చే హక్కు మీకు ఉండకపోవచ్చు. తీరంలో ఏం కట్టాలన్నా సీఆర్‌జెడ్ (తీర ప్రాంత కట్టడాల నిబంధనల) అనుమతి కావాలి, అది ఆయన దగ్గర ఉందా అని అడుగు. మాట ఇచ్చేముందు ఊరందరినీ కూర్చోబెట్టు. ఆయన కాగితం ఇస్తే సంతకాలు పెట్టకుండా ఒక జిరాక్స్ నాకు పంపు, చదివి చెప్తాను.