ఏకు, మేకు, ఏకిపారేయడం

సందేహం: “ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు” అంటారు కదా. ఏకై అంటే ఒక్కడిగా అనీ, మేకై అంటే మేకలా అనీ మా పిల్లలకు చెప్పాను. సరైనదేనా? “ఏకిపారేశాడు” అన్న మాటకూ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందాండీ?

సమాధానం: ఈ సామెతలో ఒంటరితనమూ లేదు, మేకా లేదు. ఏకు + ఐ, మేకు + ఐ. మేకు గోడకు కొట్టేదే. పారసీ ‘మేఖ్’ నుంచి మనకు వచ్చింది. ఏకు మాత్రం రాట్నం తిరిగే ఇంటి మాట. అలాంటి ఇళ్లు అరుదైపోయాయి కనుకనే మీకు ఈ సందేహం కలిగింది, తప్పు మీది కాదు.

చేలో ఉన్నప్పుడు పత్తి, గింజ తీశాక దూది. ఆ దూదిని ఉన్నపళంగా వడకలేం. పీచులు చిక్కుపడి ఉంటాయి, నడుమ నలుసులుంటాయి. వింటినారిని దూదికి ఆనించి మీటితే ఆ అదురుకు పీచు పీచూ విడివడి, నలుసులు రాలి, దూది నురగలా పొంగుతుంది. ఆ పనే ఏకడం. తరతరాలుగా ఆ పనితో బతికినవారికి దూదేకులవారని పేరు వచ్చింది. ఏకిన దూదిని సన్నని పుల్లకు చుట్టి, అరచేత్తో దొర్లించి, పుల్ల లాగేస్తే మిగిలే మెత్తని చుట్ట ఏకు.

ఏకుకు పురి, అంటే మెలిక, ఉండదు. రెండు వేళ్లతో లాగితే విడిపోతుంది. రాట్నానికుండే ఇనుప పుల్ల, కదురు, తిరిగి పురి ఎక్కాకే అది నూలవుతుంది, బలం వస్తుంది. నూలుపోగులు రెండో మూడో కలిపి మళ్లీ పురిపెడితే కుట్టుకు పనికొచ్చే దారం. పత్రికల్లో నేతగాళ్లు ‘దారంతో’ చీర నేశారని చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. మగ్గమెక్కేది నూలు.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఈ మాటలకు ఇంకా పని ఉంది. అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడ పళ్లతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. వారు వడికేది నూరో నంబరు నూలు, అంటే ఒక పౌండు బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) నూరు ఉంటాయి. ఏకు ఎంత మెత్తగా, ఎంత సమంగా ఉంటే పోగు అంత సన్నగా సాగుతుంది.

వచ్చినప్పుడు ఆ ఏకంత మెత్తగా ఉండి, చోటు దొరికాక పీకినా ఊడిరాని మేకు అయ్యాడని సామెత భావం. మొదటినుంచీ మొండిగా ఉన్నవాడికి ఇది చెల్లదు. పది రోజులుంటానని బతిమాలి వచ్చి, ఏడాదైనా గది వదలని చుట్టానికి చక్కగా అతుకుతుంది.

“ఏకిపారేశాడు”లో ఉన్నదీ ఆ ఏకడమే. పీచు పీచుగా విడదీసి లోపలి నలుసులన్నీ బయటపెట్టాడని అర్థం. ఇప్పుడు ఉత్త తిట్లకూ వాడేస్తున్నారు గానీ, నా మట్టుకు నేను ఒప్పుకోను. పుస్తకాన్ని పుటపుటా పట్టుకుని తప్పులు చూపితే ఏకినట్టు. అట్ట చూసి నోరు చేసుకుంటే తిట్టినట్టు.