బూజు పట్టిన వీడియో క్యాసెట్‌లో పాత సీరియల్ ఎపిసోడ్: మళ్లీ చూడాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: కావలిలో మీ ఇంటి అటక మీద ఈ-180 వీడియో క్యాసెట్ ఒకటి దొరికింది. దాని మీద పెన్నుతో 'ఋతురాగాలు' అని రాసి ఉంది. అమ్మగారు ఆ ఎపిసోడ్ ఒక్కసారి చూపించమంటున్నారు. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లటి పొడి కనిపిస్తోంది. ఇంట్లో పాత వీసీపీ (క్యాసెట్లు ప్లే చేసే మెషీన్) ఉంది, పెట్టి చూడొచ్చా?

వద్దండీ, ఇప్పుడే పెట్టకండి. ఆ తెల్లపొడి దుమ్ము కాదు, బూజు. అలాగే ప్లే చేస్తే అది హెడ్ డ్రమ్ముకి, అంటే మెషీన్‌లో తిరుగుతూ టేపు మీది బొమ్మని చదివే భాగానికి అంటుకుని, కాసేపటికే బొమ్మ పోయి తెరంతా చుక్కలు మిగులుతాయి. ఆ మెషీన్‌లో తర్వాత పెట్టిన క్యాసెట్లకీ ఆ బూజే అంటుతుంది. ఇంకా చెడ్డ సంగతేమిటంటే, బూజు ఎక్కువగా ఉన్నచోట టేపు పక్క చుట్టకి అతుక్కుని ఉంటుంది, మోటారు లాగిన లాగుడికి అంచు చిరిగిపోతుంది. ఇలాంటి క్యాసెట్‌కి మంచి ప్లే ఒక్కటే దక్కుతుందనుకుని పని మొదలుపెట్టాలి. ఆ ఒక్కసారీ టేపు తిరుగుతుండగానే కంప్యూటర్‌లోకి ఎక్కిపోవాలి. మిగతా ఏర్పాట్లన్నీ దానికి ముందే అయిపోవాలి.

క్యాసెట్ జోలికి వెళ్లేముందు ఆ ఎపిసోడ్ ఇంటర్నెట్‌లో దొరుకుతుందేమో వెతకండి. ఋతురాగాలు తీసిన మంజులా నాయుడు గారే తర్వాత జెమినీ టీవీలో తీసిన చక్రవాకం 2003లో, మొగలిరేకులు 2008లో మొదలయ్యాయి. ఆ కాలం సీరియళ్లు వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. దూరదర్శన్ రోజుల ఋతురాగాలు లాంటివాటికి మాత్రం ఇళ్లల్లో రికార్డు చేసుకున్న క్యాసెట్లే దిక్కయ్యే సందర్భాలున్నాయి. అందుకే మీ చేతిలో ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోమంటున్నాను.

ముందు ఆరబెట్టాలి. తడి బూజు తుడిస్తే పూసుకుపోతుంది, ఎండిన బూజు పొడిగా రాలిపోతుంది. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో క్యాసెట్‌ని నిలువుగా పెట్టి, పక్కన గుడ్డ సంచిలో వంద గ్రాముల సిలికా జెల్ పెట్టి, రెండు వారాలు వదిలేయండి. రంగు మారే రకం జెల్ కొంటే మంచిది, తేమ పీల్చుకుని రంగు మారగానే సంగతి తెలుస్తుంది, జెల్ మార్చేయొచ్చు. బియ్యంలో పూడ్చిపెట్టమని కొందరు చెబుతారు, ఆ పని చేయకండి, పిండి దుమ్ము లోపలికి పోతుంది. ఎండలో కూడా వద్దు. మన జిల్లా ఎండకి క్యాసెట్ డొల్ల వంకర తిరుగుతుంది, టేపు సాగుతుంది, సాగిన టేపుని ఎవరూ బాగుచేయలేరు. కావలి, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, గాలిలో తేమ. ఆ నెలల్లో ఈ పని పెట్టుకోకుండా సంక్రాంతి దాటాక మొదలుపెట్టడం నయం. ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట ఊళ్ల క్యాసెట్లయితే బూజు కన్నా దుమ్ముతోనే ఎక్కువ పేచీ. వాటికి ఆరబెట్టడం తగ్గించి బ్రష్షు పని పెంచాలి.

ఆరాక డొల్ల విప్పాలి. ఈ పని వరండాలోనో డాబా మీద నీడలోనో చేయండి, ఫ్యాను ఆపేయండి, ముక్కుకి ఎన్95 మాస్కు కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లని దగ్గరికి రానివ్వకండి. క్యాసెట్ అడుగున అయిదు స్టార్ స్క్రూలుంటాయి. క్యాసెట్‌ని బోర్లించి ఆ అయిదూ తీసి, రెండు సగాలూ విడిపోకుండా చేత్తో అదిమి పట్టుకుని, మళ్లీ వెల్లకిలా తిప్పి, అప్పుడు పై మూత ఎత్తాలి. బోర్లించి ఉండగానే మూత తీస్తే స్ప్రింగులు, రోలర్లు చెల్లాచెదురవుతాయి. మూత తీయగానే ఏదీ ముట్టుకోకుండా ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. టేపు ఏ గుంజకి ఎటువైపు నుంచి పోతోంది, బ్రేకు ముక్కలు ఎలా కూర్చున్నాయి అన్నది తిరిగి బిగించేటప్పుడు ఆ ఫొటో చూస్తేనే తెలుస్తుంది.

రెండు చక్రాలూ జాగ్రత్తగా బయటికి తీసి, చుట్ట అంచుల మీది తెల్లపొడిని పొడి మెత్తటి బ్రష్షుతో మధ్య నుంచి బయటికి దులపండి. తర్వాత నూలు రాలని మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. నీళ్లు, కొబ్బరినూనె, అద్దాలు తుడిచే స్ప్రే ఏవీ తగలకూడదు. పాత డొల్లలో బూజు మిగిలే ఉంటుంది కాబట్టి, పనికిరాని ఖాళీ క్యాసెట్ ఒకటి విప్పి, కడిగి ఆరబెట్టిన ఆ డొల్లలో ఈ చక్రాలు బిగించేయండి. పనికిరానిదని ఎవరి పెళ్లి క్యాసెట్టో విప్పేయకండి, లోపల ఏముందో ముందు చూసుకోండి. కొత్త డొల్లకి వీపు వైపు రికార్డింగ్ పలక ఉంటే విరిచేయండి. అది ఉన్నంతకాలం రికార్డు మీట పొరపాటున తగిలితే ఎపిసోడ్ చెరిగిపోతుంది. మీది వీసీపీ కాబట్టి ఆ భయం లేదు, అది రికార్డు చేయలేదు. కానీ రేపు ఇంకొకరి వీసీఆర్‌లో, అంటే రికార్డు కూడా చేసే మెషీన్‌లో పెట్టాల్సి రావచ్చు.

తర్వాత టేపుని ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పాలి. దీనికి వీసీపీ వాడకండి. పాతకాలపు రివైండర్ పెట్టె దొరికితే అదే మేలు, లేకపోతే చేత్తో చక్రం తిప్పండి. డొల్ల అడుగున మధ్యలో ఉన్న చిన్న రంధ్రంలోకి మొద్దు పుల్ల గుచ్చితే బ్రేకు వదులుతుంది. తిప్పుతుండగా ఎక్కడైనా పట్టేసినా, చిటచిటమని చప్పుడు వచ్చినా వెంటనే ఆపేయండి. అక్కడ పొరలు అతుక్కున్నాయని అర్థం. బలంగా లాగితే అయస్కాంతపు పొర ఊడి అవతలి చుట్ట మీదకి వెళ్లిపోతుంది, ఆ ముక్క బొమ్మ ఇక ఎప్పటికీ రాదు. అలా పట్టేసిన టేపు ఇంట్లో తేలే పని కాదు, పాత టేపుల మరమ్మతు తెలిసినవాళ్లకి ఇవ్వాలి.

టేపు తెగితే మామూలు సెలోటేపు ఎప్పుడూ అతికించకూడదు. దాని జిగురు వేడికి కారి హెడ్లకి పూసుకుంటుంది. స్ప్లైసింగ్ టేపు అని విడిగా దొరుకుతుంది. తెగిన రెండు కొసల్లో నలిగినంత మేర కత్తిరించి, కొసలు రెండూ తాకేలా ఆనించి, డ్రమ్ముకి తగలని లోపలి వైపు మాత్రమే అతికించాలి. టేపు సెకనుకి దాదాపు 2.3 సెంటీమీటర్లు నడుస్తుంది, కాబట్టి రెండు మూడు సెంటీమీటర్లు పోయినా ఎపిసోడ్‌లో ఒక్క క్షణమే పోతుంది.

ఇప్పుడు వీసీపీ. ఏళ్లతరబడి వాడని మెషీన్‌లో రబ్బరు చేసే అన్యాయం అంతా ఇంతా కాదు. టేక్-అప్ చక్రాన్ని తిప్పే ఐడ్లర్ రబ్బరు గట్టిపడి జారిపోతే, డ్రమ్ము దాటిన టేపుని చుట్టుకునే దిక్కు లేక లోపలే పోగుపడి నలుగుతుంది. క్యాసెట్ మింగేసింది అనేది ఇదే. పోతే బాధలేని క్యాసెట్ ఒకటి పెట్టి అరగంట ప్లే, రివైండ్, ఎజెక్ట్ అన్నీ చూసుకున్నాకే మీ క్యాసెట్ పెట్టండి. ఎజెక్ట్ కొట్టాక ఆ క్యాసెట్ మూత తెరిచి టేపు అంచు చూడండి, చిన్న కుచ్చుల్లా నలిగి ఉంటే మెషీన్ ఇంకా సిద్ధం కాలేదన్నమాట.

హెడ్ల శుభ్రానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. ముందు ప్లగ్గు పీకేయండి. పైమూత తీసి, తెల్లకాగితం ముక్కని ఆల్కహాల్‌తో తడిపి డ్రమ్ముకి మెల్లగా ఆనించి, రెండో చేత్తో డ్రమ్ముని పైభాగం పట్టుకుని తిప్పండి. కాగితం కదలకూడదు, డ్రమ్మే తిరగాలి. పైకీ కిందకీ రుద్దితే హెడ్డు కొన విరుగుతుంది, దూదిపుల్ల వాడినా దారం చిక్కుకుని అదే జరుగుతుంది. కాగితం మీద గోధుమ రంగు మరక రావడం ఆగేదాకా కొత్త ముక్కలతో చేయండి. టేపు దారిలో ఉన్న మిగతా ఇనుప గుంజలకి, సౌండు హెడ్‌కి దూదిపుల్ల పర్వాలేదు. అన్నీ అయ్యాక అరగంట ఆరనివ్వండి.

కలపడానికి ఏంటెన్నా తీగ వాడకండి, పసుపు, తెలుపు, ఎరుపు రంగుల ఆడియో-వీడియో పిన్నులే వాడండి. వాటిని యూఎస్‌బీ క్యాప్చర్ డాంగిల్‌కి (బొమ్మని కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న పరికరం), దాన్ని ల్యాప్‌టాప్‌కి కలపాలి. సాఫ్ట్‌వేర్‌లో వీడియో స్టాండర్డ్ దగ్గర మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్ బీ ఎంచుకోవాలి. అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ మీద వదిలేస్తే బొమ్మ నలుపు తెలుపుల్లో పైకి దొర్లుతుంది, చాలామంది క్యాసెట్ పోయిందనుకునేది అక్కడే. సైజు 720×576, సెకనుకి 25 ఫ్రేములు. వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో, నాణ్యత తగ్గకుండా దాచే హఫ్‌వైయూవీ కోడెక్‌తో పట్టుకుంటే అరగంటకి సుమారు 15 జీబీ అవుతుంది. అంత చోటు లేకపోతే ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ బిట్‌రేటుతో పట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌ని చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి, సౌండులో వచ్చే గుయ్‌మనే కరెంటు చప్పుడు చాలావరకు దాంతోనే పోతుంది. వీసీపీకి యూపీఎస్ పెట్టండి. కరెంటు పోయినప్పుడు టేపు డ్రమ్ము చుట్టూ బిగిసి ఉండిపోతుంది, మళ్లీ వచ్చినప్పటి కుదుపు పాత టేపుకి మంచిది కాదు.

అప్పట్లో ప్రకటనలు రాగానే పాజ్ నొక్కి రికార్డు చేసేవాళ్లు. ఆ అతుకుల దగ్గర సిగ్నల్ ఒక్కసారి తెగుతుంది. వీసీపీలో బ్లూ బ్యాక్ (సిగ్నల్ పోగానే నీలి తెర చూపే సెట్టింగు) ఉంటే ఆపేయండి, లేకపోతే ప్రతి అతుకు దగ్గరా నీలి తెర వచ్చి క్యాప్చర్ గాడి తప్పుతుంది. చవక డాంగిళ్లలో ఇక్కడే ఫ్రేములు జారిపోయి, చివరికి వచ్చేసరికి పెదవులు ఒకచోట, మాటలు ఒకచోట అవుతాయి. పాత డీవీడీ రికార్డర్ దొరికితే వీసీపీకీ డాంగిల్‌కీ మధ్య పెట్టండి. చాలా మోడళ్లు సిగ్నల్‌ని సర్ది పంపుతాయి కాబట్టి జారడం బాగా తగ్గుతుంది. బొమ్మ మీద అడ్డచారలు వస్తే ట్రాకింగ్ మీట మెల్లగా తిప్పి, చారలు తెర అడుగుకి పోయేదాకా సర్దండి. అట్టడుగున నాలుగైదు గీతల మేర చిలికినట్టు కనిపించేది ఎలాగూ పోదు, అది హెడ్లు మారే చోటు.

పెన్‌డ్రైవ్‌లో వేసేముందు ఫైలుని మార్చాలి, హఫ్‌వైయూవీని టీవీ చదవదు. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ దగ్గర బాబ్, ఫ్రేమ్ రేటు 50, సైజు 768×576, హెచ్.264, నాణ్యత 18 నుంచి 20 మధ్య. బాబ్ పెట్టకపోతే ఎవరు చెయ్యి కదిపినా దువ్వెన పళ్లలా గీతలొస్తాయి. సౌండు ఒకవైపే వస్తుంటే మోనోగా మార్చండి. టీవీలో 4:3 పెట్టండి. మొహాలు అడ్డంగా సాగి కనిపిస్తే ఎవరో పోల్చుకోవడానికే అమ్మగారికి కష్టమవుతుంది. మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ ఆపేసి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి.

బొమ్మని మెరుగుపరుస్తామనే ఏఐ యాప్‌ల జోలికి పోకండి. వీహెచ్‌ఎస్‌లో, అంటే ఈ రకం క్యాసెట్లలో రంగు సమాచారం చాలా తక్కువ. ఎర్రచీర కట్టుకున్న మనిషి తెర మీదకి వస్తే ఆ ఎరుపు చీర అంచు దాటి కుడివైపుకి కొద్దిగా జారి ఉంటుంది, అది టేపు స్వభావం. యాప్ దాన్ని సరిచేస్తున్నానని కళ్లు, ముక్కు తన ఇష్టానికి గీసేస్తుంది. ఆ నటుల మొహాలు మీ అమ్మగారికి బాగా గుర్తుండి ఉంటాయి, చిన్న తేడా వచ్చినా పట్టేస్తారు.

ప్రకటనలు, మధ్యలో వచ్చే వార్తల ముక్కలు కత్తిరించకండి. కేబుల్ నుంచి రికార్డు చేసిన టేపు అయితే అడుగున ట్రంకు రోడ్డు బట్టల కొట్ల స్క్రోలింగ్ కూడా ఉండొచ్చు. క్యాసెట్ మీద తేదీ రాయకపోతే అది ఏ ఏటిదో తేల్చేది అవే. అసలు ఫైలు అలాగే ఉంచి, అమ్మగారికి మాత్రం ప్రకటనలు లేని కాపీ ఇంకొకటి చేసివ్వండి.

ఇదంతా ఇంట్లో వీలుకాకపోతే నెల్లూరు, ఒంగోలులో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలు కొన్ని క్యాసెట్లు మార్చి ఇస్తాయి. ఇచ్చేముందు బూజు ఉందని చెప్పి, మెషీన్‌లో పెట్టకముందే శుభ్రం చేస్తారా అని అడగండి. ఆ మాటకి సమాధానం తడుముకుంటే ఇవ్వకండి. డీవీడీ కాకుండా ఫైలుగా ఇమ్మనండి, 4:3లోనే ఉంచమనండి, కుదిరితే టేపు తిరుగుతున్నప్పుడు అక్కడే కూర్చోండి. క్యాసెట్ వెనక్కి తీసుకోవడం మరచిపోకండి. రివైండ్ చేసి, నిలువుగా, సిలికా జెల్ డబ్బాలో, అటక మీద కాకుండా బీరువాలో పెట్టండి.