మేజర్ మార్చుకుంటానంటున్న మీ తమ్ముడి గురించి

ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న మీ తమ్ముడు ఇక నా వల్ల కాదంటున్నాడని, ఇంట్లో ఎలా చెప్పాలో తెలియడం లేదని రాశారు. టెన్షన్ పడకండి. అమెరికాలో డిగ్రీ మధ్యలో మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చుకోవడం మామూలే, దాన్ని ఇక్కడ ఎవరూ ఓటమిగా చూడరు.

ఏ మేజర్ మంచిదని వెతికే ముందు, అతనికి పడనిది మొత్తం సబ్జెక్టా, ఒక్క కోర్సా అన్నది తేల్చుకోండి. మా మేనకోడలు బయాలజీలో చేరి ఆర్గానిక్ కెమిస్ట్రీ దగ్గర ఆగిపోయింది. ఒక శనివారం తన నోటుపుస్తకాలన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాం. కెమిస్ట్రీ పుస్తకంలో బోర్డు మీద రాసింది రాసినట్టే ఉంది. స్టాటిస్టిక్స్ పుస్తకంలో మాత్రం, ఇచ్చిన లెక్క అయిపోయాక "శాంపిల్ రెట్టింపు చేస్తే?" అని తనే ప్రశ్న వేసుకుని, పక్క పేజీ నిండా మళ్ళీ చేసి ఉంది. అది ఎవరూ అడగని లెక్క. మాకు దారి దొరికింది అక్కడే. మీరూ తమ్ముడితో అలా ఒక పూట కూర్చోండి. నీకేం ఇష్టమని సూటిగా అడిగితే ఆ వయసులో చాలామందికి జవాబు తోచదు.

ఒకటి రెండు మేజర్లు అనుకున్నాక, వాటి మూడో ఏడు, నాలుగో ఏడు కోర్సుల జాబితా చదవమనండి. మొదటి ఏడు పాఠాలు ఎక్కడైనా బాగానే ఉంటాయి, అసలు సంగతి తర్వాతే తెలుస్తుంది. అకడమిక్ అడ్వైజర్‌ని కలిస్తే, పూర్తిచేసిన కోర్సులకు వచ్చిన క్రెడిట్లలో కొత్త మేజర్‌కు ఎన్ని పనికొస్తాయో చూపిస్తారు. బ్యాచిలర్స్‌కు సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి కాబట్టి ఇంకెన్ని సెమిస్టర్లు పడుతుందో అప్పుడే తేలిపోతుంది.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నాడు కనుక ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి డీఎస్ఓకి ముందే చెప్పాలి. కొత్త మేజర్‌తో ఐ-20 (వీసాకు ఆధారంగా కాలేజీ ఇచ్చే పత్రం) మార్చి ఇస్తారు. చదువు పొడిగించాల్సి వస్తే ఐ-20 గడువు దాటకముందే అడగాలి. నచ్చలేదని ఇప్పుడున్న కోర్సు తొందరపడి డ్రాప్ చేయనివ్వకండి. డీఎస్ఓ అనుమతి లేకుండా 12 క్రెడిట్ల కంటే తగ్గితే వీసా స్టేటస్‌కే ముప్పు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఐ-20 మీద ఉండే సీఐపీ కోడ్, అంటే మేజర్ ఏ కోవలోకి వస్తుందో చెప్పే నంబరు. డిగ్రీ తర్వాత ఓపీటీ (చదివినదానికి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు; స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్న కోడ్ అయితే, అర్హత ఉన్న ఉద్యోగంతో మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. మామూలు ఎకనామిక్స్ కోడ్ ఆ జాబితాలో లేదు, గణాంకాలతో నడిచే ఎకనోమెట్రిక్స్‌ది ఉంది. పేరు చూసి ఊహించుకోకుండా కోడ్ అడిగి తెలుసుకోండి. అయితే స్టెమ్ అన్న ఒక్క కారణంతో మనసు లేనిదాంట్లోకి మాత్రం తోయకండి, మళ్ళీ ఇదే చోటికి వస్తాడు.

ఇవన్నీ తేలాకే నాన్నగారికి ఫోన్ చేయండి. ఇంజనీరింగ్ మానేస్తున్నానని కాకుండా, ఏ మేజర్, ఎన్ని సెమిస్టర్లు, ఫీజు ఎంత పెరుగుతుందన్నది మీ తమ్ముడే వివరంగా చెప్పాలి. మీరు పక్కన కూర్చుంటే చాలు.