అవ్వాతాతలు, పిల్లలతో వేసవి క్రూజ్: ముందు చూడాల్సింది గది

తిరుపతి నుంచి ఇంటిల్లిపాదీ వేసవిలో క్రూజ్‌కు, అంటే ఓడలో విహారానికి, వెళ్లాలనుకుంటున్నామని, ఏది బుక్ చేయాలో తెగట్లేదని అడిగారు. మీకు తెగనిది ఓడ వల్ల కాదు, రేటు చూసి మొదలుపెట్టడం వల్ల. మోకాళ్ల నొప్పులున్న అవ్వాతాతలు, ఐదేళ్ల పాప, ఇంటర్ చదివే అబ్బాయి అన్నారు కాబట్టి ముందు వాళ్లకు కుదిరేది చూడండి.

1. మొదటిసారి కదా, రెండు మూడు రాత్రులు చాలు.

2. అందరూ వదిలేసేది గది నంబర్. అన్నిటికన్నా తక్కువ రేటులో తరచుగా ‘గ్యారంటీ’ గది ఉంటుంది. అంటే గది ఖాయం, ఎక్కడన్నది కంపెనీ ఇష్టం. మీకు ముందు వైపు, పెద్దవాళ్లకు వెనక చివర వచ్చిందనుకోండి, మాత్ర కావాలన్నా కారిడార్ అంతా నడవాలి. డెక్ ప్లాన్ (ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే పటం) తెరిచి, మీరే నంబర్లు ఎంచుకోండి: కింది అంతస్తుల్లో, ఓడ మధ్యలో, లిఫ్ట్‌కు దగ్గరగా, రెండు గదులూ పక్కపక్కన. అక్కడ ఊపు తక్కువ, వాంతుల బాధా తగ్గుతుంది. గది పైన డిస్కో, స్విమ్మింగ్ పూల్ లేకుండా చూసుకోండి. పాపకు నిద్ర ముఖ్యం.

3. దిగే ఊళ్లో ఓడ రేవుకు ఆనుతుందా, చిన్న పడవలో తీసుకెళ్తారా అని అడగండి. పడవైతే పెద్దవాళ్లకు ఎక్కడం, దిగడం కష్టం.

4. టిప్పులు, పన్నులు కలిపిన మొత్తం అడిగాకే రేట్లు పోల్చండి.

5. చెన్నైలో ఎక్కేదైతే తిరుపతి నుంచి సుమారు 140 కిలోమీటర్లే. అయినా ముందు రోజే వెళ్లండి, ఓడ మనకోసం ఆగదు. మేలో బంగాళాఖాతంలో తుపాను వస్తే రూటు మారొచ్చు.

పులిహోర కట్టుకెళ్దామనుకోకండి. ఇంట్లో వండినవి సాధారణంగా లోపలికి రానివ్వరు.