కుండీ మొక్కల ఆకులు పసుపెక్కితే: ముందు ఏ ఆకో చూడండి

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. డాబా మీద కుండీల్లో నిమ్మ, కరివేపాకు, మందారం, టమాటా, బెండ పెంచుతున్నాం. ఊరి నుంచి తెప్పించిన నల్లమట్టి వాడాం. బోరు నీళ్లు, ఇంట్లో వాటర్ ఫిల్టర్ వదిలే వేస్టు నీళ్లు పోస్తున్నాం. రెండు నెలలుగా అన్ని మొక్కల ఆకులూ పసుపు రంగుకు తిరుగుతున్నాయి. టమాటా కాయలు అడుగున నల్లబడి కుళ్లుతున్నాయి. యూరియా, గుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద వేశాం. వీడియోల్లో చూసి ఎప్సమ్ సాల్ట్ కూడా వేశాం. కరివేపాకుకు పుల్ల మజ్జిగ పోస్తున్నాం. మందారం ఒక్కటే కాస్త కోలుకుంది. ఏ లోపమో, ఏం వేయాలో చెప్పగలరు. ఫొటోలు పంపుతున్నాను.
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఫొటోల్లో కనిపిస్తున్నది ఒకే లోపం కాదు. ఒక్కో మొక్కది ఒక్కో బాధ. అన్నింటికీ కలిపి ఒకే మందు వేశారు కాబట్టి, ఎవరికి సరిపోయిందో వారికే పనిచేసింది. మందారం కోలుకోవడానికి కారణం అదే. దాని ముదురాకుల్లో ఈనెల మధ్య భాగం పసుపెక్కి, కాడ దగ్గర మాత్రం ఆకుపచ్చగా మిగిలింది. అది మెగ్నీషియం లోపం. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేటే. లీటరు నీటికి 5 గ్రాములు కలిపి, పదిహేను రోజుల తర్వాత మరొక్కసారి ఆకుల మీద పిచికారీ చేసి ఆపేయండి. మిగతా మొక్కలకు దాని అవసరం లేదు.

పసుపు రంగు కనబడగానే ముందు చూడాల్సింది అది కింది ముదురాకా, పైన చిగురాకా అన్నది. నత్రజని, పొటాష్, మెగ్నీషియం మొక్కలో అటూ ఇటూ కదులుతాయి. కొరత వస్తే మొక్క ముదురాకుల నుంచి లాగి చిగుళ్లకు పంపుతుంది, అందుకే లోపం కింద నుంచి మొదలవుతుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ అలా కదలవు. ఒకసారి ఆకులో చేరితే అక్కడే ఉండిపోతాయి కాబట్టి వాటి లోపం చిగుళ్లలో, కొత్త కాయల్లో బయటపడుతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ఇక నిమ్మ సంగతి. మీ కుండీలన్నింటిలో నాకు ఆందోళన కలిగించింది ఇదే. చిగురాకులు దాదాపు తెల్లబారాయి, ఈనెలు మాత్రం వలలాగా ఆకుపచ్చగా నిలిచాయి. కింది ఆకులు బాగానే ఉన్నాయి. ఇది ఇనుము లోపం. అయితే మీ మట్టిలో ఇనుము లేదని దీనర్థం కాదు. ఉంది, మొక్క తీసుకోలేకపోతోంది. మన ప్రాంతపు నల్లరేగడిలో సున్నం ఎక్కువ. దాని మీద బోరు నీళ్లు పోస్తున్నారు. ఫిల్టర్ వదిలే నీళ్లలో అదే బోరు నీటి ఉప్పు, సున్నం మరింత చిక్కబడి ఉంటాయి. ఇవి చాలవన్నట్టు గుడ్డు పెంకులు, బూడిద! రెండూ క్షారమే. మట్టి ఉదజని సూచిక (పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎనిమిది దాటితే ఇనుము వేరుకు అందని రూపంలోకి మారిపోతుంది. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర కట్టడం ఫొటోలో స్పష్టంగా కనిపిస్తోంది. అనుమానముంటే కుండీలోంచి చెంచాడు పొడి మట్టి తీసి, దాని మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుసబుసమని పొంగితే సున్నం ఉన్నట్టే.

ఇనుము లోపమేనని తేల్చుకోవడానికి ఇంట్లోనే ఇంకో పరీక్ష ఉంది. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలపండి. ఒక తెల్లబారిన ఆకు మీద సగం వరకే దూదితో ఈ నీళ్లు అద్ది, దారం కట్టి గుర్తు పెట్టండి. వారం పది రోజుల్లో అద్దిన సగం పచ్చబడి, మిగతా సగం అలాగే ఉంటే సందేహం తీరినట్టే. అప్పుడు మొక్క అంతటికీ సాయంత్రం పూట, పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. లేత ఆకుపచ్చ పలుకుల్లా ఉన్న అన్నభేది మాత్రమే కొనండి. తుప్పు రంగు పొడిగా మారినది పనికిరాదు. పురుగు మందులతో కలపొద్దు. చుక్కలు పడితే డాబా మీద తుప్పు మరకలు పోవు, కింద గోనె పట్టా పరచుకోండి. షాపులో చిలేటెడ్ ఐరన్ (మొక్కకు అందే రూపంలో పట్టి ఉంచిన ఇనుము) ఇస్తామంటే ఏ రకమో అడగండి. ఇ.డి.టి.ఎ. రకం ఆకుల మీద చల్లడానికి పనికొస్తుంది కానీ, ఇలాంటి సున్నపు మట్టిలో వేస్తే నిలవదు. మట్టిలో వేయాలంటే ఇ.డి.డి.హెచ్.ఎ. రకం కావాలి, ధర కాస్త ఎక్కువే.

పిచికారీ తాత్కాలిక ఉపశమనమే. ఫిల్టర్ వేస్టు నీళ్లు నేటి నుంచే ఆపండి, వాటిని బాత్‌రూమ్ కడగడానికి వాడుకోండి. కార్పొరేషన్ కుళాయి నీళ్లు పట్టుకుని మొక్కలకు పోయండి. ఎండాకాలమంతా ఏసీ నుంచి కారే నీళ్లు వృథాగా పోతుంటాయి, వాటిలో ఉప్పు ఉండదు, నిమ్మకు ఎంతో మంచివి. కుండీ అడుగు రంధ్రం తెరిచి ఉందో లేదో చూసుకుని, మంచి నీళ్లు కుండీ పరిమాణానికి రెండు మూడింతలు నెమ్మదిగా పోసి ఉప్పును కిందికి దిగనివ్వండి. వానలు పడ్డాక నిమ్మను ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కడిగిన కోకోపిట్ సమానంగా కలిపిన మిశ్రమంలోకి మార్చండి.

టమాటా కాయల అడుగు కుళ్లు తెగులు కాదు, కాల్షియం అందకపోవడం. మళ్లీ అదే కథ, మీ మట్టిలో కాల్షియానికి కొదవ లేదు. అది నీటితోపాటే కాయలోకి వెళ్లాలి. మే నెల ఎండకు డాబా మీద కుండీ మధ్యాహ్నానికే ఎండిపోతోంది, సాయంత్రం బకెట్‌తో ముంచెత్తుతున్నారు. ఈ ఎండుడు, తడుపుడు మధ్య కాయకు కాల్షియం చేరదు. యూరియా ఎక్కువైతే ఆకులే ఏపుగా పెరిగి ఉన్నది లాగేసుకుంటాయి. ఉదయం, సాయంత్రం కొద్దికొద్దిగా నీళ్లివ్వండి, మట్టి మీద కొబ్బరి పీచు పరచండి, 50 శాతం షేడ్ నెట్ కట్టండి. కాయలు పిందె దశలో ఉన్నప్పుడు లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ పిందెల మీద పడేలా చల్లండి. ఇప్పటికే నల్లబడినవి బాగుపడవు, తెంపేయండి.

కరివేపాకు ముదురాకులు మొత్తంగా పాలిపోయాయి, ఈనెలతో సహా. అది నత్రజని లోపం. ఇంత యూరియా వేశాక కూడానా అంటారేమో. కుండీ చిన్నదై, వేర్లు గోడ చుట్టూ చుట్టుకుపోయి ఉంటాయని నా అంచనా. వానలు మొదలవగానే మొక్కను మట్టి ముద్దతో సహా లాగి చూడండి. వేర్లు చాపలా అల్లుకుని ఉంటే బయటి వేర్లను అంగుళం మేర కత్తిరించి, పెద్ద కుండీలో పెట్టండి. కొత్త చిగుళ్లు వచ్చాక, వేరుశనగ చెక్కను రెండు మూడు రోజులు నానబెట్టి, ఆ నీటికి పదింతలు నీళ్లు చేర్చి పోయండి. పుల్ల మజ్జిగ మానక్కర్లేదు, కొంచెం మేలే చేస్తుంది. చిక్కగా పోస్తే చీమలు, వాసన తప్పవు.

చివరిగా బెండ. దాని ఆకుల్లో ఈనెలే పసుపుగా ఉన్నాయి, మధ్య భాగం ఆకుపచ్చగా ఉంది. నిమ్మకు ఇది సరిగ్గా తిరగబడిన రూపు. ఇది పోషక లోపం కాదు, తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు, వైరస్. ఏ ఎరువు వేసినా నయం కాదు. మొక్కను పీకి, కంపోస్టులో వేయకుండా పారేయండి. మిగిలిన బెండ మొక్కలకు తెల్లదోమ కోసం పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీసి, నీళ్లలో వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి ఆకుల అడుగు వైపు తడిసేలా చల్లండి.